ల్యాబ్ తాళం వేసేముందు: ఆన్‌లైన్‌లో మీ గుట్టు మీ దగ్గరే ఉంచుకోవడం ఎలా

సాయంత్రం ఐదింటికి కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ మూసేముందు ముప్పై సిస్టమ్‌ల దగ్గరికీ ఒక రౌండ్ వెళ్తాను. మానిటర్లు, ఫ్యాన్లు ఆపడం నా డ్యూటీ. పిల్లలు తెరిచి వదిలేసిన మెయిల్స్ మూయడం డ్యూటీలో లేదు గానీ, రోజూ దానికే ఎక్కువసేపు పడుతుంది.

ఏ రోజు చూసినా నలుగురైదుగురి ఇన్‌బాక్స్‌లు బార్లా తెరిచే ఉంటాయి. ఇక డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సంగతి చెప్పక్కర్లేదు. మొన్న ఒక్క సిస్టమ్‌లోనే పధ్నాలుగు ఫైళ్లు తీసేశాను. మూడు రెజ్యూమెలు, రెండు ఐడీ కార్డు స్కాన్లు, ఒక బ్యాంక్ స్టేట్‌మెంట్, ఎవరిదో మెడికల్ రిపోర్టు. రెజ్యూమెలో పేరు, పుట్టినతేదీ, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్, కింద సంతకం కూడా. మీ పేరుతో ఇంకొకరు చలామణి కావడానికి ఇంతకంటే ఏం కావాలి? నా కంటపడ్డాయి కాబట్టి సరిపోయింది. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చూశారో లేదో ఎవరికి తెలుసు?

ప్రైవసీ అనగానే మా పిల్లలు ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న హ్యాకర్‌ని ఊహించుకుంటారు. పన్నెండేళ్లుగా ఈ ల్యాబ్‌లో నేను చూసింది వేరు. ఈ వయసు వాళ్ల గుట్టు బయటపడేది ఎక్కువగా పక్క సీటు నుంచో, పక్క మంచం మీద నుంచో. రూమ్మేట్, క్లాస్‌మేట్, నిన్నటిదాకా ప్రేమించినవాడు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెతలోనూ గుట్టు విప్పింది పరాయివాడు కాదు కదా. అందుకే నేను చెప్పే వరుస కూడా అలాగే ఉంటుంది. ముందు దగ్గరివాళ్లు, తర్వాతే హ్యాకర్లూ కంపెనీలూ.

నలుగురూ వాడే కంప్యూటర్

కూర్చోగానే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కండి. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో వస్తుంది. మీరు చేసే లాగిన్లన్నీ అందులోనే చేయండి. పని అయ్యాక ఆ విండోలన్నీ మూసేస్తే లాగిన్లు, హిస్టరీ పోతాయి. ఒక్కటి మూయడం మర్చిపోయినా లాగిన్ అలాగే ఉంటుంది. అలాగని అదేం అదృశ్యమైపోయే మంత్రం కాదు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. దాన్ని మీరే తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. మీరు ఏ సైట్లకు వెళ్లారో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. నాకు తెలుస్తుంది, అందుకే చెబుతున్నాను.

లాగౌట్ చేయడం మర్చిపోయి దారిలో గుర్తొచ్చిందా? వెనక్కి పరుగెత్తక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో మీ డివైస్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే చోట ఆ కంప్యూటర్‌ని సైన్ అవుట్ చేసేయండి.

దగ్గరివాళ్లు

కిందటేడు థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకామె ల్యాబ్ ఖాళీ అయ్యేదాకా ఆగి నా దగ్గరికొచ్చింది. "మేడం, నేను ఎవరితో ఏం మాట్లాడినా అతనికి తెలిసిపోతోంది. నా ఫోన్‌లో వైరస్ ఏమైనా ఉందా?" అని అడిగింది. వాళ్లిద్దరూ విడిపోయి రెండు నెలలు.

వైరస్ ఏమీ లేదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరవమన్నాను. అందులో ఒకటే వరుస ఉంది. విండోస్, క్రోమ్, చివరిగా వాడింది ఆ రోజు ఉదయం 7:40కి. ఆ అమ్మాయికి అసలు లాప్‌టాప్ లేదు. కాసేపు ఆలోచించి, "ఓసారి పాట పంపుకుంటానని ఫోన్ తీసుకున్నాడు" అంది. అప్పట్లో ఆమె ఫోన్‌కి లాకే లేదు. ఆ ఫోన్‌తో తన లాప్‌టాప్ తెరమీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆమె వాట్సాప్ అందులోనూ తెరుచుకుంటుంది. దానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లతో ఆమె ఇంటికి, స్నేహితులకు, అక్కకు రాసినవన్నీ రెండు నెలలపాటు అతని తెరమీద కనిపిస్తూ ఉన్నాయి.

వెంటనే లాగౌట్ నొక్కబోయింది. ఆగమన్నాను. ముందు ఆ స్క్రీన్‌కి టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయించాను. వాళ్ల అక్కకు ఫోన్ చేయించాను. ఆ తర్వాతే లాగౌట్. ఎందుకంటే లాగౌట్ చేసిన క్షణమే అవతలివాడికి సంగతి తెలిసిపోతుంది. మామూలు మనిషైతే సిగ్గుపడి ఊరుకుంటాడు. బెదిరించే రకమైతే ఏం చేస్తాడో చెప్పలేం. అలాంటప్పుడు ముందు తోడు చూసుకుని, ఆ తర్వాతే బటన్ నొక్కాలి.

మీరూ ఒకసారి చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, టెలిగ్రామ్‌లో సెట్టింగ్స్ కింద డివైసెస్, ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్స్ సెంటర్ కింద పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీలో మీరు ఎక్కడెక్కడ లాగిన్ అయ్యారో చూపించే పేజీ. మీది కానిది ఒక్కటి కనిపించినా స్క్రీన్‌షాట్, తర్వాత లాగౌట్, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్పు. లొకేషన్ షేరింగ్ కూడా ఇలాంటిదే. గూగుల్ మ్యాప్స్‌లో ఎప్పుడో ట్రిప్‌కి వెళ్లినప్పుడు "నేను ఆపేదాకా" అని నొక్కి ఉంటారు. అది ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. ఎవరికైనా పంపాల్సి వస్తే గంటకని పెట్టండి. స్నాప్‌చాట్ వాడేవాళ్లు మ్యాప్‌లో మీరెక్కడున్నారో కనిపించకుండా చేసే ఘోస్ట్ మోడ్ ఆన్ చేసుకోండి.

ఫోన్‌కి ఆరంకెల పిన్ పెట్టండి. పుట్టినతేదీ మాత్రం వద్దు, మీ కేక్ కోసిన ప్రతివాడికీ అది తెలుసు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లో ఉన్నది కనిపించకుండా నోటిఫికేషన్ సెట్టింగ్ మార్చండి. లేకపోతే ఫోన్ లాక్ చేసి బల్లమీద పెట్టినా ఓటీపీ పైకి కనిపిస్తూనే ఉంటుంది. అప్పుడు లాక్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ప్రేమకు రుజువుగా పాస్‌వర్డ్ అడిగేవాళ్ల గురించి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. ఇవ్వకండి. మీ ఇన్‌బాక్స్‌లో మీ రహస్యాలే కాదు, మీ స్నేహితులు మిమ్మల్ని నమ్మి చెప్పుకున్నవీ ఉంటాయి. వాటిని ఇంకొకరికి చూపించే హక్కు మీకు లేదు.

మెయిల్, పాస్‌వర్డ్

ఇక్కడ నా పరువు కొంచెం తీసుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి నాకో మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ లైన్‌లో నా పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా. లోపల, "నీ కెమెరాలోంచి నిన్ను రికార్డ్ చేశాను, డబ్బు పంపకపోతే నీ కాంటాక్ట్స్ అందరికీ పంపుతాను" అని. కంప్యూటర్ పాఠాలు చెప్పే నేను అర్ధరాత్రి లేచి లాప్‌టాప్ కెమెరాకి ప్లాస్టర్ ముక్క అతికించాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తెల్లారాక బుర్ర పనిచేసింది. ట్రాయ్ హంట్ అనే ఆయన 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్ ఉంది. అందులో మన మెయిల్ ఐడీ కొడితే, తెలిసిన ఏయే లీకుల్లో అది ఉందో చూపిస్తుంది. నేనెప్పుడో ఒకే ఒక్కసారి వాడి వదిలేసిన ఓ వెబ్‌సైట్ నుంచి నా పాస్‌వర్డ్ పోయింది. రికార్డింగ్ మాట పచ్చి అబద్ధం. ఇలాంటి లీకైన లిస్టులు పట్టుకుని ఒకే మెయిల్ వేలమందికి పంపుతారు. భయపడినవాళ్లు డబ్బు పంపుతారు. అయితే నన్ను అసలు భయపెట్టింది అది కాదు. అదే పాస్‌వర్డ్‌కి చివర అంకె మార్చి నా మెయిల్‌కీ పెట్టుకున్నాను.

2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటికొచ్చాయి. వాళ్లు వాటిని ఏ మరుగూ లేకుండా ఉన్నవున్నట్టే దాచారు. అన్నింటికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఆ లిస్టుతో ఈరోజుకీ పాస్‌వర్డ్‌లు పగలగొడుతున్నారు. పేరు చివర 123 తగిలించడం, a అక్షరం బదులు @ గుర్తు పెట్టడం లాంటి తెలివితేటలన్నీ మనకంటే ముందే ఎవరికో తట్టాయి, అవన్నీ అందులో ఉన్నాయి.

కాబట్టి మొదట మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. ఇన్‌స్టాగ్రామ్ కాదు, మెయిల్. ఏ యాప్‌లో "పాస్‌వర్డ్ మర్చిపోయారా" అని నొక్కినా లింక్ వచ్చేది అక్కడికే. మెయిల్ ఒకరి చేతికి చిక్కితే మిగతావన్నీ తాళంచెవుల గుత్తిలా ఒక్కసారే పోతాయి. ఒకదానితో ఒకటి సంబంధంలేని నాలుగైదు మాటలు పేర్చుకుంటే చాలు. గొడుగు, తాబేలు, బుధవారం, నిచ్చెన, ఇలా. పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. ఇక్కడ రాసేశాను కాబట్టి దీన్ని మాత్రం వాడకండి. మిగతా సైట్లకు ఫోన్‌లోనే ఉండే పాస్‌వర్డ్ మేనేజర్‌ని కొత్తవి తయారు చేయమనండి, అదే గుర్తుపెట్టుకుంటుంది. నెలనెలా మార్చాల్సిన అవసరం లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఊరికే మార్పించడం మానమంది. లీకైందని తెలిస్తే మాత్రం ఆ నిమిషమే మార్చాలి.

తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో రుజువు కూడా అడగడం. ఏదీ లేకపోవడం కంటే ఎస్ఎంఎస్ కోడ్ నయం. దానికంటే ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ నయం, పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పాస్‌కీ ఆ సైట్‌లో ఉంటే ఇంకా మంచిది. ఎస్ఎంఎస్ వెళ్లేది నంబర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే. 2019 ఆగస్టులో అప్పటి ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ అకౌంట్‌నే కాసేపు ఎవరో ఆడించారు, ఆయన ఫోన్ నంబర్‌ని తమ చేతిలోకి మార్చుకుని. ఫోన్ లేనప్పుడు లాగిన్ కావడానికి బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, వాటిని కాగితం మీద రాసి దాచండి. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా దాస్తే ఫోన్ పోయినరోజు అవీ పోతాయి.

సెక్యూరిటీ ప్రశ్నలకు నిజం చెప్పకండి. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీచేస్తున్న సారా పేలిన్ మెయిల్‌లోకి ఓ కాలేజీ కుర్రాడు దూరాడు. పుట్టినతేదీ, పిన్‌కోడ్, భర్తను ఎక్కడ కలిశారు, ఇవే ప్రశ్నలు. జవాబులన్నీ ఇంటర్నెట్‌లోనే దొరికాయి. మీ మొదటి స్కూలు పేరు అడిగితే "తాబేలు" అని రాయండి, ఆ అబద్ధాన్ని మేనేజర్‌లో దాచుకోండి. మీ చిన్నప్పటి ముద్దుపేరు, మొదటి కుక్కపిల్ల పేరు చెబితే మీ స్వభావం చెబుతామనే సరదా ఆటలు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతాయి.

ఫోటోలో మీకు కనిపించనిది

పోస్ట్ చేసేముందు ఫోటోలో మీ ముఖం వదిలేసి మిగతాదంతా చూడండి. మెడలో ఐడీ ట్యాగ్, వెనక బోర్డు, కిటికీలోంచి కనిపించే బిల్డింగ్, అద్దంలో ప్రతిబింబం. 2020లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ బోర్డింగ్ పాస్ ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. దానిమీదున్న బుకింగ్ నంబర్‌తో ఓ సెక్యూరిటీ తెలిసినతను ఆయన పాస్‌పోర్టు నంబరు, ఫోన్ నంబరు దాకా వెళ్లగలిగాడు. మంచివాడు కాబట్టి ఆయనకే చెప్పాడు. హాల్‌టికెట్, టికెట్, పార్సిల్ కవర్, ఏదైనా సరే, బార్‌కోడ్ ఉందంటే అందులో రాత ఉన్నట్టే లెక్క. మన కంటికి గీతల్లా ఉంటుంది, ఫోన్‌కి అది చదువుకునే వాక్యం.

ఫోటో ఫైలు లోపల కూడా వివరాలుంటాయి. తీసిన టైమ్, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు. యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ 2012 డిసెంబర్‌లో పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నప్పుడు ఆయన వెంట ఉన్న విలేకరులు ఒక ఫోటో పెట్టారు. ఆ ఫోటో ఫైలే ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని చెప్పేసింది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో ఫోటోని ఫోటోగా పంపితే ఈ వివరాలు పోతాయి. క్లారిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నవున్నట్టు వెళ్తాయి.

నంబర్ దాచడానికి నల్ల పెన్నుతో గీసేస్తారు కదా, మా ల్యాబ్‌లో ఓసారి అందరికీ చూపించాను. ఒకబ్బాయి ఫోన్‌లో మార్కర్‌తో రెండుసార్లు గీసి పంపిన ఐడీ కార్డు తీసుకుని బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పెంచుకుంటూ పోయాను. నల్లటి గీతల కింద నుంచి అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. క్లాసంతా నిశ్శబ్దం. మార్కర్ రంగు సగం పారదర్శకంగా ఉండటమే కారణం. పూర్తిగా నిండిన నల్ల డబ్బా పెట్టి, దాన్ని మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్ పంపండి. పీడీఎఫ్‌లో నల్ల డబ్బా కింద అక్షరాలు చాలాసార్లు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొడితే వచ్చేస్తాయి. క్రాప్‌ని కూడా పూర్తిగా నమ్మలేం. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్ నుంచి కోసేసిన భాగాన్ని కొంతవరకు వెనక్కి తేవచ్చని 2023లో బయటపడింది. దాన్ని సరిచేశారు గానీ, అప్పటికే పంపేసినవి పంపేసినట్టే.

ఇంకొక చిన్న అలవాటు. ఎక్కడికైనా వెళ్తే, అక్కడి నుంచి బయల్దేరాక పోస్ట్ చేయండి. లైకులేమీ తగ్గవు.

యాప్‌లు

దీని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే పని కూడా తక్కువే. ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి లొకేషన్, మైక్, కెమెరా, కాంటాక్ట్స్ ఈ నాలుగూ చూడండి. టార్చ్ యాప్‌కి మీ కాంటాక్ట్స్ ఎందుకు? వాతావరణం చెప్పే యాప్‌కి మీ వీధి అక్కర్లేదు, ఊరు చాలు. ప్రిసైస్ లొకేషన్ ఆపేయండి. ఫోటోలు అడిగితే అన్నీ కాకుండా ఎంచుకున్నవే ఇవ్వండి. స్క్రీన్ పైన మూలలో పచ్చ చుక్క కనిపిస్తే ఏదో యాప్ కెమెరానో మైకో వాడుతున్నట్టు. ఐఫోన్‌లో మైక్ ఒక్కదానికైతే నారింజ చుక్క.

కాంటాక్ట్స్ ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి. అవి మీవి కావు, వాళ్లవి. ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసింది సుమారు 2.7 లక్షలమంది. కానీ వాళ్ల స్నేహితులతో కలిపి 8.7 కోట్లమంది దాకా వివరాలు ఎన్నికల ప్రచారాలకు పనిచేసే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీకి చేరి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. ఆ మిగతావాళ్లెవరూ దేనికీ ఓకే నొక్కలేదు.

చాట్‌బాట్‌ల దగ్గర కూడా ఇదే. మనసులో మాట చెప్పుకోవడం మీ ఇష్టం. మీ ఫ్రెండ్ చాట్ మొత్తం అతికించి "దీనికి అర్థమేంటి" అని అడిగేటప్పుడు కనీసం పేర్లు తీసేయండి. మీ సంభాషణలను శిక్షణకు వాడకుండా ఆపే ఆప్షన్ చాలా చాట్‌బాట్‌ల సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఎవరైనా ఫోటోతో బెదిరిస్తే

దీని గురించి క్లాసులో ఎవరూ అడగరు. తర్వాత తలుపు వేసి అడుగుతారు. అబ్బాయిలు కూడా.

డబ్బు పంపకండి. ఒకసారి పంపితే మీరు పంపుతారని అవతలివాడికి తెలిసిపోతుంది, మళ్లీ అడుగుతాడు. సిగ్గుతో చాట్ డిలీట్ చేయకండి, అదే మీ సాక్ష్యం. ప్రొఫైల్ లింక్, యూజర్ నేమ్, డబ్బు అడిగిన మెసేజ్, అకౌంట్ నంబర్ అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. మీరు నమ్మే పెద్దవాళ్లలో ఒక్కరికైనా ఆ రోజే చెప్పండి. తిడతారని భయం ఉంటుంది. తిట్టినా సరే, ఒంటరిగా ఆ రాత్రి గడపడం కంటే మేలు. సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేయడానికీ వాళ్ల తోడు కావాలి.

ఫోటో వ్యాపించకుండా ఆపడానికి ఉచితంగా రెండు సేవలున్నాయి. పద్దెనిమిదేళ్లు నిండాక తీసిన ఫోటోలకు స్టాప్ ఎన్‌సీఐఐ, అంతకంటే చిన్న వయసులో తీసిన వాటికి టేక్ ఇట్ డౌన్. మొదటిది 2021 చివర్లో, రెండోది 2023లో వచ్చాయి. "మళ్లీ ఆ ఫోటో ఇంకో సైట్‌లో పెట్టాలా?" అని అందరూ జంకుతారు. అక్కర్లేదు. ఫోటో మీ ఫోన్‌లోనే ఉంటుంది. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక అంకెల వరుస మాత్రం తయారై వెళ్తుంది. ఆ వరుస నుంచి ఫోటోని తిరిగి తయారు చేయలేరు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ లాంటి ఈ పథకంలో చేరిన కంపెనీలు ఆ వేలిముద్రకు సరిపోయే ఫోటో ఎవరైనా పెడితే గుర్తుపట్టి తీసేయగలుగుతాయి. చేరని చోట్ల ఇది పనిచేయదు, వాట్సాప్ చాట్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్లేదాన్నీ ఆపలేదు. అయినా పదిమంది చూసే చోట్ల అడ్డుపడుతుంది.

ఒక్కసారి చూడగానే పోయేలా "వ్యూ వన్స్" పెట్టి పంపాను, ఏం కాదు అనేవాళ్లకు ఒక మాట. స్క్రీన్‌షాట్‌ని యాప్ ఆపుతుంది. పక్కనున్న ఇంకో ఫోన్ కెమెరాని ఆపలేదు.

వదిలేసే వస్తువులు

పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేముందు ఆథెంటికేటర్ యాప్‌ని కొత్త ఫోన్‌లోకి మార్చుకోండి. ఇది ముందు చేయకపోతే మీ అకౌంట్ల బయట మీరే నిలబడతారు. తర్వాత గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్, మెమరీ కార్డు బయటికి తీయండి. మెమరీ కార్డు సంగతి దాదాపు అందరూ మర్చిపోతారు.

పెన్‌డ్రైవ్‌లో పెట్టే ఫైళ్లను సెవెన్ జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి మూటకట్టండి. అందులో ఏఈఎస్ 256 ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, అంటే పాస్‌వర్డ్ లేనివాళ్లు చదవలేకుండా ఫైలుని మార్చేసే గట్టి పద్ధతి. ఫైళ్ల పేర్లు కూడా కనిపించకుండా చేసే టిక్ మార్క్ ఒకటుంది, సెవెన్ జెడ్ ఫార్మాట్ ఎంచుకుంటే వస్తుంది. రెండు నిమిషాల పని. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా టేబుల్ డ్రాయర్‌లో పిల్లలు మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌లు ఇప్పటికి పదకొండు ఉన్నాయి. ఎవరిదో తెలియాలంటే తెరిచి చూడాలి, అందుకే తెరవలేదు. రంగు, కంపెనీ, క్యాప్ ఉందో లేదో చెప్పి తీసుకెళ్లండి. ఎర్రదానికి ఇప్పటికి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ క్యాప్ ఉందనే చెప్పారు. దానికి క్యాప్ లేదు.